న్యూట్రల్‌లో వేసే చెయ్యి

నాకు ముక్కు మీదే కోపం. మా ఊరు లక్డారంలో పెద్దరాములు అంటే ముందు అదే చెబుతారు. కానీ ఆ సోమవారం ఆఫీసులో శివశంకర్ సార్ అడిగినదానికి నాకు కోపం కూడా రాలేదు. మా మందుల కంపెనీ బండ్లన్నీ ఆయనే చూస్తాడు.

"రాములూ, కుమార్ బండి, నీ బండి రెండూ ఒక్కతీరు హైబ్రిడ్‌లే. ఒక్కటే రూటు. వానిది లీటరుకు ఇరవై మూడు ఇస్తున్నది, నీది పద్దెనిమిది దాటుతలేదు. పెట్రోల్ ఏడికి పోతున్నది? శనివారం దాక చూస్త. ఇగ గప్పటికీ గిట్లనే ఉంటే తాళాలిచ్చి పో."

ఏడికి పోతున్నదంటే, నువ్వే తీస్తున్నావని. ఇరవై ఎనిమిదేళ్లుగా స్టీరింగ్ పట్టాను, ఏనాడూ ట్యాంకులో పైపు పెట్టలేదు. పైగా పోలిక ఎవరితో? పాటలు వింటూ ఒంటి చేత్తో నడిపే ఆ కుమార్‌తో!

నేను లారీల మీద పని నేర్చుకున్నవాణ్ని. దిగుడు వస్తే న్యూట్రల్, దూరంగా సిగ్నల్ కనబడితే న్యూట్రల్. బండి దానంతటదే జారుతుంది, డీజిల్ మిగులుతుంది. మా ఉస్తాద్ మొదటిరోజే నేర్పిన విద్య అది. పెట్రోలుతో పాటు బ్యాటరీతోనూ నడిచే ఈ కొత్త కారుకు క్లచ్ లేకపోయినా నా చెయ్యి ఊరుకోదు, గేరును నడిచే డి నుంచి న్యూట్రల్ ఎన్‌కు లాగుతూనే ఉంటుంది. ఆ పద్దెనిమిదైనా నా పొదుపు వల్లే వస్తోందనుకునేవాణ్ని.

ఇంటికెళ్లి చెబితే నా భార్య ముత్యమ్మ అన్నం వడ్డిస్తూ ఆగింది. "నువ్వైతే ఏం తియ్యలే గదా?" అంది. నేను కంచం పక్కకు నెట్టి లేచాను.

రోజూ పటాన్‌చెరులో సునంద మేడంను ఎక్కించుకుని జిన్నారంలోని కంపెనీలో దింపుతాను. ల్యాబ్‌లో పెద్ద ఉద్యోగం ఆమెది. మంగళవారం నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె డ్యాష్‌బోర్డు అరలోంచి బండి పుస్తకం తీసింది. ఇంగ్లీషు కదా, నేను దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. దారంతా చదువుతూనే ఉంది. దిగుడు రాగానే నా చెయ్యి గేరు మీదికి పోయింది.

"అన్నా, గదెందుకు లాగినవ్?"

"పెట్రోల్ మిగులుతది మేడం."

"గందుకే పోతున్నది! యాక్సిలేటర్ మీద కాలు తీసినా, మెల్లగ బ్రేకేసినా చక్రాలే మోటరును తిప్పి బ్యాటరీ నింపుతయి. న్యూట్రల్ల ఏం నిండదు. ట్రాఫిక్‌ల గట్లనే ఆపితే బ్యాటరీల ఉన్న చార్జింగ్ ఏసీ తాగుతది. ఇగ దాన్ని నింపనీకి ఇంజిన్ పెట్రోల్ కాలుస్తది. గీ పుస్తకంల రాసుంది."

"ల్యాబ్‌ల సీసాలు మీరు చూస్కోండి మేడం. బండి నేను చూస్కుంట."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. మైలేజీ మీటర్‌ను సున్నా చేయించింది. "శనివారం దాక డిలనే ఉంచు. తప్పయితే నేనే సార్‌కు చెప్త."

ఆనాటి నుంచి గేరు మీదికి పోకుండా ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని నడిపాను. చూసినవాళ్లకు నేనూ కుమార్‌లాగే కనబడి ఉంటాను. పటాన్‌చెరు జామ్‌లో ఇంజిన్ ఆగిపోయి, బండి బ్యాటరీ మీదే చప్పుడు లేకుండా పాకుతుంటే ఇన్నాళ్లూ నా తెలివే దీన్ని చెడగొట్టిందా అని సిగ్గేసింది. శుక్రవారానికి మీటర్ ఇరవై మూడు దాటింది.

శనివారం సునంద మేడం కూడా ఆఫీసుకొచ్చింది. సార్ మీటర్ ఫోటో చూసి, న్యూట్రల్ సంగతి విని, "గిదేందో ముందే చేస్తే అయిపోవు గదా," అని ఫోన్ అందుకున్నాడు. ఆమె కదల్లేదు.

"సార్, అన్న మీద దొంగతనం పెట్టిన్రు. ఆయనకు తెల్వక చేసిండు, తియ్యలే. ఆ ముక్క ఆయనకు చెప్పండి."

సార్ ఫోన్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "మనసుల పెట్టుకోకు రాములన్నా. తొందరపడ్డ."

బయటికొచ్చాక అడిగాను. "మేడం, నేను తియ్యలేదని మీకెట్ల ఎరుక? మా ఇంటామెకే అనుమానం వచ్చింది."

"రెండేండ్ల సంది రోజూ నీ బండిల నిద్రపోతున్న అన్నా. నువ్వెట్లాంటోనివో తెల్వకుంటే నిద్రెట్ల పడ్తది?"

నా కూతురి వయసు ఆమెది. అయినా అక్కడే, డ్రైవర్లందరి ముందే, రెండు చేతులెత్తి దండం పెట్టాను.