ముకుందరావుగారి కట్టుడు పళ్ళలో నేను

నేను ఒక పచ్చి సోయాచిక్కుడు కాయను. బజారులో నన్ను ఎడమామే అంటారు. ముదరకముందే కోసి, మరిగే నీళ్ళలో ముంచి, ఆ వెంటనే గడ్డకట్టే చలిలో పడేసి, సంచీలో బంధించి, ఆ సంచీ మీద ‘తాజా’ అని అచ్చువేశారు. మనుషుల సంగతి నాకప్పుడే కొంత అర్థమైంది.

విశాఖపట్నంలో జోగారావుగారి ఫ్రిజ్ నా మొదటి ఇల్లు. ఆయన కూతురు మధులత ఫిజియోథెరపిస్టు. సాయంత్రం క్లినిక్ నుంచి రాగానే మాలో గుప్పెడు ఉడకబెట్టి, ఉప్పు చల్లుకుని, కాయను పెదాల మధ్య నొక్కి గింజలు తిని, తొక్క పక్కన పడేసేది. ఒంటికి బలం, చుక్క నూనె లేదు అని ఇంట్లోవాళ్ళకు చెప్పేది. వాళ్ళు శ్రద్ధగా విని మిక్చర్ పొట్లం విప్పుకునేవారు.

ఆ అమ్మాయికి పెళ్ళిచూపులు కుదిరాయి. తల్లి నాగరత్నంగారు జీడిపప్పు పకోడీకి పిండి కలపబోతే మధులత అడ్డుపడింది. “నాన్నకి బీపీ. వచ్చేవాళ్ళకీ ఉండే ఉంటుంది. ఇవి పెట్టమ్మా” అని మమ్మల్ని వెండిపళ్ళెంలో పోసి చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఎలా తినాలో చెప్పడం మరిచిపోయింది. పెద్దవాళ్ళు అడగడం మరిచిపోయారు.

విజయనగరం నుంచి పెళ్ళికొడుకు విభాకర్, అతని తల్లి సత్యవేణిగారు, తండ్రి ముకుందరావుగారు వచ్చారు. ముకుందరావుగారు జీవితమంతా బీమా పాలసీలు అమ్మిన మనిషి. ఎదుటివాడు నోరు తెరిస్తే దాన్ని ఆవులింతగానే లెక్కవేస్తారు. గుమ్మంలో మొదలుపెట్టిన మాట సోఫాలో కూర్చున్నా ఆగలేదు.

“ఇవేటండీ?” అన్నారు పళ్ళెం చూసి.

“ఎడమామేనండి” అన్నారు జోగారావుగారు, భయంభయంగా.

“ఎడమామా! మరి కుడిమామేడండీ?” అని తన హాస్యానికి తానే నవ్వుకుని, “మా విజయనగరంలో ఇవి ఎప్పట్నుంచో తింటన్నాం” అంటూ నన్ను తొక్కతో సహా నోట్లో వేసుకుని గట్టిగా కొరికారు.

గింజలు సాఫీగా గొంతు దిగాయి. నేను మాత్రం, అంటే నా పీచు తొక్క, ఆయన కట్టుడు పళ్ళ పైవరుసకూ కింది వరుసకూ మధ్య మెలికపడి బిగుసుకుపోయాను. లాగితే పళ్ళసెట్టు ఊడి కాబోయే వియ్యంకుడి ఒళ్ళో పడుతుంది. ఆయన నోరు మూసుకున్నారు.

అతిథి మర్యాదగా తింటున్నారు కదా అని జోగారావుగారూ తొక్కతోనే నమలడం మొదలుపెట్టారు. ఆయన్ను చూసి నాగరత్నంగారు, ఆవిడను చూసి సత్యవేణిగారు. గదిలో నములుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ముకుందరావుగారి మౌనం చూసి ఆడపెళ్ళివారికి చెమటలు పట్టాయి.

“అమ్మాయి ఫొటో నచ్చిందా అన్నయ్యగారూ?” అడిగారు నాగరత్నంగారు.

“ఊఁ” అన్నారాయన. అంతకన్నా ఎక్కువ అక్షరాలు నేను రానివ్వలేదు.

మధులత వచ్చి కూర్చుంది. ఒక్క చూపులో పరిస్థితి గ్రహించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విభాకర్ అప్పటికే తన కాయను విప్పి గింజలు తిని తొక్క జేబులో దాచుకున్నాడు. ఇద్దరూ చూసుకున్నారు. ఆ అమ్మాయికి ధైర్యం వచ్చింది.

“పెళ్ళయ్యాక కూడా నేను క్లినిక్ మానను. ఇక్కడే విశాఖలో ఉంటాం. మీకు సమ్మతమేనా అండీ?” అని ముకుందరావుగారినే అడిగింది.

ఆయన కళ్ళు గుండ్రంగా తిరిగాయి. విజయనగరంలో కొడుకు కోసం మేడ మీద గది వేయించారని ఆ కళ్ళే చెబుతున్నాయి. “ఊఁ! ఊఁ!” అన్నారు గట్టిగా.

“రెండుసార్లు ఒప్పుకున్నారు!” జోగారావుగారి కళ్ళు చెమర్చాయి. “ఇంత పెద్దమనసు ఎక్కడా చూళ్ళేదు బావగారూ.”

అప్పుడు సత్యవేణిగారు గొంతు సవరించుకున్నారు. ఆవిడ గొంతు ఆ ఇంటికే కాదు, కొడుక్కి కూడా కొత్తగానే వినిపించింది. “నెలలో ఓ వారం నేనూ వచ్చి ఈళ్ళ కాడుంటాను. సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో. ఏవండీ?”

“ఊఁఊఁఊఁ!”

అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో కారు ఊరు దాటాక ముకుందరావుగారు పళ్ళసెట్టు ఊడబీకి, నన్ను పీకి చేతిరుమాలులో పడేశారు. “నేనేదీ ఒప్పుకోలేదు! ఒప్పుకోలేదని అరిచాను!”

“ఊఁ అన్నారు కదా నాన్నా” అన్నాడు విభాకర్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ఫోను తీశారు. జోగారావుగారి నంబరు నొక్కబోయి ఆగారు. “ఆ పిల్ల తిన్నగా నన్నే అడిగింది. భయం లేదు” అన్నారు. తరవాత భార్యవైపు తిరిగి, మెల్లగా, “నీకు సముద్రం ఇష్టమా? ఎప్పుడూ చెప్పలేదే?” అన్నారు.

“చెప్పడానికి సందు దొరకాలి కదండీ” అన్నారావిడ.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. పళ్ళసెట్టు చేతిలోనే ఉంది. ఇంటిదాకా పెట్టుకోలేదు.

సత్యవేణిగారు నన్ను చేతిరుమాలుతో సహా సంచీలో వేసుకున్నారు. ఇంట్లో చెత్తబుట్టలో పడేస్తారనుకున్నాను. పడేయలేదు. మర్నాడు ఊళ్ళోని పెద్ద సూపర్‌మార్కెట్‌కు తీసుకెళ్ళి, నలిగి, పంటిగాట్లు పడిన నన్ను గల్లా బల్ల మీద పరిచారు.

“ఇవి కావాలి బాబూ.”

దుకాణం అతను నన్ను వేలితో అటూ ఇటూ తిప్పి, పెద్దావిడ కదా అని జాలిపడ్డాడు. “ఈ పీచుతో ఏం అవస్థలు పడతారమ్మా? ఒలిచిన గింజల పాకెట్ ఇస్తాను. మెత్తగా ఉంటాయి.”

“గింజలొద్దు” అన్నారావిడ. “తొక్కలున్నవే ఇయ్యి. ఎంత పీచుంటే అంత మంచిది.”