ఓనీ పిన్ని దిద్దిన మాట

మా ఆల్బమ్‌కి జర్మనీ పత్రికవాడొకడు పదికి తొమ్మిది మార్కులు వేశాడు. వాడికి మా సుందా భాషలో ఒక్క ముక్క రాదు. మా పాటగాడి అమ్మ ఓనీ పిన్నికి ప్రతి ముక్కా వచ్చు, ఆవిడ సున్నా వేసింది. ఆ సున్నా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి, ఎందుకంటే తప్పు నాది.

నా పేరు ఎంకోస్. బాందుంగ్ ఊళ్ళో ఉజుంగ్‌బెరుంగ్ పేటలో టీషర్టుల మీద బొమ్మలు అచ్చేస్తాను, మిగిలిన టైమంతా డ్రమ్స్ వాయిస్తాను. మా మెటల్ బ్యాండ్ పేరు దహన్ గెసెంగ్, అంటే మాడిన కొమ్మ. గిటార్ దిక్‌దిక్‌ది, గొంతు రుక్మాన్‌ది. మామూలుగా రుక్మాన్ మాట్లాడితే పక్కవాడికి కూడా వినపడదు. మైకు ముందు నిలబడ్డాడంటే మాత్రం పాతాళానికి మూత తీసినట్టే. బాందుంగ్‌లో మా పేట వరకూ ఇదేం వింత కాదు. ప్రతి మూడో ఇంట్లో ఒకడు ఇలా అరుస్తాడు, అరిచి వచ్చి దీవెన కోసం అమ్మ చెయ్యి నుదుటికి ఆనించుకుని అన్నానికి కూర్చుంటాడు.

రుక్మాన్ వాళ్ళ నాన్న సుహయా బాబాయ్ మార్కెట్టు నుంచి చిచాహెమ్ స్టాండు దాకా వ్యాను నడిపేవారు. మా డ్రమ్ములూ స్పీకర్లూ పదేళ్ళు ఆ వ్యానులోనే తిరిగాయి. చెవుల్లో దూది పెట్టుకుని మా ప్రాక్టీసు చివరిదాకా వినేవారు. "మీ పాట బాగుందిరా, అయిపోయాక ఇంకా బాగుంటుంది" అనేవారు. కిందటేడు ఒక మధ్యాహ్నం స్టాండులో, ఇంజను ఆపకుండానే, స్టీరింగు మీద తల వాల్చి పోయారు. నిద్రపోతున్నారేమోనని వెనక కూర్చున్నవాళ్ళు చాలాసేపు లేపలేదట. అంత మంచి మనిషి.

ఆయన మీదే రుక్మాన్ పాట రాశాడు. ఆల్బమ్‌కి కూడా ఆ పాట పేరే పెట్టాం. దాని నడి మధ్యలో సంగీతం మొత్తం ఆగిపోయి ఒక్క గొంతే వస్తుంది, "నాన్న పుపుస్" అని, అంటే నాన్న కాలం చేశారని. ఆ చివరి మాటని నాలుగు దరువు చుట్లు లాగాలి. లాగితే ఏం వచ్చింది? చివర 'స్' దగ్గర పళ్ళు మూసుకుపోయి సుయ్యిమని గాలి వచ్చింది. రికార్డింగులో పది సార్లు తీసుకున్నాం, పదిసార్లూ సుయ్యే.

"ఇది పాటా, టైరు పంక్చరా?" అన్నాను నేను. "పయేహ్ అనరా. చివర నోరు తెరుచుకుంటుంది, ఎంతసేపైనా లాగొచ్చు."

"మా నాన్నరా ఆయన," అన్నాడు రుక్మాన్.

కుక్క పోతే పయేహ్. కోడి పోతే పయేహ్. కన్నతండ్రి పోతే పుపుస్. పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన తేడా ఇది. నాకు తెలియక కాదు. నా దరువు బాగా పడాలి, అంతే నా గోల.

"నీ గొంతులో ఎవడికి అర్థమవుతుందిరా? నువ్వు కూరగాయల చీటీ చదివినా ఇలాగే ఉంటుంది," అన్నాను.

రుక్మాన్ మళ్ళీ మైకు ముందుకి వెళ్ళాడు. కళ్ళు మూసుకుని పయేహ్ అన్నాడు. రికార్డు చేస్తున్నాయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆల్బమ్ డబ్బాలో పెట్టే పాటల కాగితం టైపు చేసింది కూడా నేనే. ఏది పాడాడో అదే కొట్టాను. అయిదు వందల కాగితాల మీద, నల్ల సిరాతో, నాన్న చచ్చాడు అని.

మొదటి కాపీ రుక్మాన్ తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. ఓనీ పిన్ని కర్రపెండలం పులియబెట్టి అమ్ముతుంది. చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం విప్పి మొదటి అక్షరం నుంచి చదివిందట. ఆ మాట దగ్గర ఆగి, కాగితం మడిచి డబ్బాలో పెట్టేసింది.

"చచ్చాడా మీ నాన్న? ఏ లారీ తొక్కింది?" అంది.

అంతే, మాట బంద్. వేళకి కంచంలో అన్నం పెట్టి మూత పెడుతుంది, తినమని పిలవదు. వీడు చెయ్యి అందుకోబోతే వెనక్కి తీసుకుంటుంది. అమ్మ చెయ్యి నుదుటికి ఆనించుకోకుండా రుక్మాన్ ఇంతవరకూ ఏ స్టేజీ ఎక్కలేదు. రెండు వారాల్లో ఆల్బమ్ విడుదల కచేరీ, ఫుట్‌బాల్ మైదానంలో. జర్మనీ వాడి తొమ్మిది మార్కులు వచ్చింది సరిగ్గా ఆ వారమే. మేం ఎగిరి గంతెయ్యాల్సిన రోజున రుక్మాన్ మైకు తీగ చుట్టేసి నా చేతికిచ్చాడు.

"అమ్మ చెయ్యి ఇవ్వకపోతే నేను పాడను. ఈ కచేరీ అనే కాదు, ఇంకెప్పుడూ."

వాడు నా పేరు మాత్రం ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వాడి మీద కోప్పడేవాణ్ణి, హాయిగా ఉండేది. నేనేమో తేలు కుట్టిన దొంగలా వారం రోజులు తిరిగాను. చివరికి దిక్‌దిక్ దులిపేశాడు. "ఊరు అదిరేలా డ్రమ్ములు బాదుతావు, ఒక్క పెద్దావిడకి నిజం చెప్పడానికి నోరు పెగలదేంట్రా నీకు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నిజం కాబట్టే మండింది.

నేను వెళ్ళేసరికి పిన్ని అరుగు మీద కూర్చుని కర్రపెండలం తొక్క తీస్తోంది.

"పిన్నీ, ఆ మాట రుక్మాన్‌ది కాదు. వాడు పుపుస్ అనే రాశాడు. మార్పించింది నేను."

కత్తి ఆగలేదు. "ఎందుకు?"

"పుపుస్ అంటే అరవడం కుదరదు పిన్నీ. నోరు మూసుకుపోతుంది."

"మీ నాన్న గురించి అయితే మార్చేవాడివా?"

సిగ్గుతో చచ్చిపోయాను, నాకు ఆ మాట సరిపోతుంది. పిన్ని కత్తి పక్కన పెట్టి కొంగుకి చేతులు తుడుచుకుంది.

"వినిపించు."

ఫోను తీసి, తీగలు ఆవిడ చెవుల్లో పెట్టి పాట వేశాను. ఆరు నిమిషాల పాట. కొండరాళ్ళు దొర్లుతున్నట్టుండే మా సంగీతాన్ని ఆవిడ వార్తలు విన్నట్టు కదలకుండా వింది. ఆ చోటు రాగానే నన్ను చూసింది. ఇదేనన్నట్టు తల ఊపాను. "మళ్ళీ పెట్టు" అంది. మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారికి కళ్ళజోడు తీసేసింది.

"వీడు మాట ఎక్కడన్నాడురా? ఏడుస్తున్నాడు. ఆ రోజు స్టాండులో ఏడవలేదు వీడు. ఆయన్ని మోసుకెళ్ళేటప్పుడూ ఏడవలేదు. నలభయ్యో రోజు ప్రార్థనప్పుడు కూడా వచ్చినవాళ్ళకి టీలు అందిస్తూ తిరిగాడు. లోపల రాయి ఉందా అనుకున్నాను."

పిన్ని కళ్ళజోడు కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఏడుపుకి మర్యాద ఉండదు, ఉండక్కర్లేదు. కాగితానికి ఉండాలి. అరిచింది గాల్లో కలిసిపోతుంది, రాసింది ఇంట్లో ఉండిపోతుంది. రేపు వాడి పిల్లలు చదువుతారు, మా తాత కుక్కలా చచ్చాడు కాబోలనుకుంటారు."

"కొత్తవి అచ్చు వేయిస్తాను పిన్నీ. రెండు రోజుల పని."

"తప్పు చేసిన చోటే దిద్దాలి. అన్నీ పట్రా ఇక్కడికి."

"అయితే వాడికి చెయ్యి ఇస్తారా?"

"అది వాడికీ నాకూ మధ్య. నువ్వు కాగితాలు పట్రా."

అమ్ముడుపోగా మిగిలిన మూడు వందల చిల్లర కాపీలు ఆ అరుగు మీద పోశాం. పిన్ని నీలం సిరా పెన్ను పట్టి ఒక్కో కాగితం మీద ఆ మాట కొట్టేసి, పైన గుండ్రటి బడి అక్షరాలతో పుపుస్ అని రాసింది. దిక్‌దిక్ సాయానికి కూర్చుంటే వాడి దస్తూరీ చూసి, "నువ్వు గిటారే వాయించుకో నాయనా" అని డబ్బాల మూతలు పెట్టే పనికి దించేసింది. రుక్మాన్ ఆ చివర కూర్చుని కాగితాలు అందించేవాడు. ఆవిడ అందుకునేది, వాడి మొహం చూసేది కాదు.

దిద్దిన కాగితాన్ని దిక్‌దిక్ ఫొటో తీసి మా పేజీలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే నల్లచొక్కా కుర్రాడొకడు గారుత్ ఊరి నుంచి బైకు మీద దిగాడు. చొక్కా మీద పుర్రెలు, చేతిలో మా ఆల్బమ్. "అమ్మా, నాది కూడా దిద్దిపెడతారా?" అన్నాడు, చేతులు కట్టుకుని. సాయంత్రానికి ఆరుగురయ్యారు. మర్నాటికి గేటు దాకా వరస. పిన్ని ఒక్కొక్కడినీ కూర్చోబెట్టి, కర్రపెండలం ముక్క చేతిలో పెట్టి, దిద్దుతూ అడిగేది, "మీ నాన్నగారు బాగున్నారా? ఈ వారం ఫోను చేశావా?" చెయ్యలేదన్నవాడు చేస్తేగానీ కాగితం వెనక్కి ఇచ్చేది కాదు. అరుగు చుట్టూ దయ్యాల బొమ్మల చొక్కాలు తొడుక్కున్న వెధవలంతా ఫోనుల్లో "నాన్నా, తిన్నారా?" అని అడుగుతుంటే నాకు నవ్వాగలేదు. ఎన్ని మార్కులేసినా జర్మనీ వాడికి ఈ భోగం ఎక్కడిది?

కచేరీ జరిగే ఆదివారం వచ్చింది. పొద్దున రుక్మాన్ చెయ్యి చాపాడు. పిన్ని "తడి చేతులు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మైదానంలో ఆరేడు వందలమంది. మబ్బు పట్టినా వాన రాలేదు. మాకు ముందు వాయించినవాళ్ళు దిగిపోయారు. స్టేజీ వెనక రుక్మాన్ ఒక స్పీకరు పెట్టె మీద చెప్పులు విడిచి కూర్చున్నాడు, లేవడు. నేను బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. దిక్‌దిక్ గిటారు మోగించి చూశాడు. వాడు అలాగే కూర్చున్నాడు.

అవతల జనం పేరు పెట్టి పిలిచారు, చప్పట్లు కొట్టారు. ఎంతకీ మేం రాకపోయేసరికి ముందు వరసలో ఎవడో ఆ పాటే అందుకున్నాడు. అరవలేదు. మామూలు గొంతుతో, మసీదులో కూర్చుని చదువుకున్నట్టు మెల్లగా పాడాడు. పక్కవాడు కలిపాడు, తర్వాత వరస కలిపింది. ఆ చోటు రాగానే మైదానం మొత్తం ఒక్క గొంతై, "నాన్న పుపుస్" అంది. ఆ 'స్' ఉంది చూశారూ, నేను పంక్చరని వెక్కిరించింది, అది ఆరు వందల నోళ్ళలోంచి వస్తే చెట్ల మీదుగా గాలి వీచినట్టుంది. రుక్మాన్ మోకాళ్ళ మీద తల పెట్టేసుకున్నాడు.

మైదానం అంచున బుట్ట పెట్టుకుని పిన్ని కూర్చుని ఉందని మాకెవరికీ తెలియదు. అమ్ముకోవడానికి వచ్చానంది తర్వాత, ఒక్క ముక్క అమ్మిందో లేదో. లేచి జనంలోంచి నడుచుకుంటూ వస్తోంది. నల్లచొక్కాలన్నీ నడుము వంచి దారి ఇస్తున్నాయి. తిన్నగా వచ్చి కొడుకు ఎదురుగా నిలబడి కుడి చెయ్యి చాపింది. వాడు రెండు చేతులతో అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు, వదల్లేదు. ఆవిడా లాక్కోలేదు.

"మీ నాన్నకి వినపడే ఉంటుంది," అంది. వాడి మొహంలోకి చూసి, "పొద్దుట్నుంచి పచ్చి గంగ ముట్టలేదు కదూ? పో, అరిచేసి త్వరగా వచ్చి మెక్కు."

మెక్కు అంది. గొడ్డుకి వాడే మాట. బాబాయ్ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో అంత చనువుగా ఎవరూ ఎవర్నీ ఒక మాట అనలేదు.

"అలాగేనమ్మా," అన్నాడు రుక్మాన్, చెప్పులు వెతుక్కుంటూ.