ఆరో గాజుపలక మీది వెండి

నేను ఒక వెండి పొరను. అగ్గిపెట్టెలో పట్టేంత గాజుపలక మీద ఉంటాను. మీ తలవెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే, అందులో ఒక చీలిక ఎంతో నా మందం అంత.

సముద్రం ఒడ్డున ఒక యూనివర్సిటీ ల్యాబులో పుట్టాను. గాలి తోడేసిన గంట ఆకారపు గాజుమూత కింద వెండితునకను ఆవిరి చేస్తే, అది పైనున్న చల్లని పలకల మీద పడి మేం ఆరుగురం అయ్యాం. పుట్టుకతో మా లోపలంతా గందరగోళమే. జనరల్ బోగీలోకి తోసుకొచ్చిన జనంలా, వెండి రేణువులు ఎక్కడ పడ్డవి అక్కడే ఇరుక్కుపోయాయి. వేడి తగిలితే అవి కదిలి, సర్దుకుని, చిన్నవి కలిసి పెద్దవవుతాయి. అప్పుడు కరెంటు సులువుగా పారుతుంది. ఎంత వేడికి ఎంత మారతామో చూడటమే అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఇందుమతి పరిశోధన. పైకి మాత్రం నేను నిగనిగలాడేదాన్ని. ఆమె నాలో చూసుకుని బొట్టు సర్దుకునేది.

మమ్మల్ని వేడిచేసే ఫర్నేసు పని అప్పలస్వామిది. ముప్పై ఏళ్లుగా ల్యాబు అటెండరు, రిటైరు కావడానికి ఇంకా మూడు నెలలు. మీటరు ఎలాగూ ఉంది. అయినా ఫర్నేసు మూతి ముందు అరచెయ్యి చాచి వేడి చూసుకోవడం ఆయనకు అలవాటు. మొదటి ఐదు పలకలూ తక్కువ వేడిలో బాగానే వచ్చాయి. చివరిదాన్ని, ఎక్కువ వేడికి వెళ్లాల్సినదాన్ని, నేను.

ఆ రోజు ఆయన అరచెయ్యి వెనక్కి తీసుకుని అన్నాడు: "మేడమ్, వేడి కొలిసే తీగ మూతికాడికి జారిపోనాదండి. నోపల ఇంకా మండిపోతంది. మీటరు తక్కువ సూపిస్తంది."

"థీసిస్‌లో మీ అరచెయ్యి కొలత రాయమంటారా అప్పలస్వామిగారూ?"

"రాస్తే తప్పేటండి? ముప్పై ఏళ్ల సర్వీసు దీనిది!"

ల్యాబులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇందుమతి కూడా నవ్వి, మీటరు ప్రకారమే కానిమ్మంది. ఆయన అలాగే చేశాడు.

మొదట లోపలంతా చక్కగా సర్దుకుంది. తర్వాత వేడి మితిమీరింది. గాజును పట్టుకుని ఉండలేక ముడుచుకున్నాను, చిల్లులు పడ్డాను, విడివిడి బొట్లుగా మిగిలాను. బయటకు తీసేసరికి పాలిపోయి ఉన్నాను. ఈ చివర నుంచి ఆ చివరకు కరెంటు దాటలేదు.

"ఎంత పెట్టారు?"

"మీరు సెప్పినంతే మేడమ్."

"చెప్పినంతే పెడితే ఇలా ఎందుకవుతుంది?"

ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. ఆమె నా వెనక చీటీ అంటించింది: 'అప్పలస్వామి పొరపాటు వల్ల చెడింది.' మర్నాడు ఫర్నేసు తాళం మరొకరికి ఇచ్చారు. మిగిలిన మూడు నెలలూ ఆయన గాజుసామాను కడిగాడు.

నిజం నాలోని ఒక్కో బొట్టులోనూ ఉంది. కానీ సిగ్గుతో ముడుచుకున్న నాకు నోరు లేదు.

ఆయన రిటైరై వెళ్లిపోయాక తీగ మార్చబోతే, దాని మొన నిజంగానే మూతి దగ్గర ఉంది. ఇందుమతి లెక్కలు సరిదిద్దింది. థీసిస్‌లో 'ఉష్ణోగ్రత కొలతలోని దోషం సవరించడమైనది' అని ఒక్క వాక్యం రాసింది. అందులో ఆయన పేరు లేదు. స్వయంగా వెళ్లి చెప్పాలనుకుంది. థీసిస్ ఇచ్చాక అనుకుంది, పట్టా వచ్చాక అనుకుంది, కాలేజీలో ఉద్యోగంలో చేరాక అనుకుంది.

చివరికి నన్ను చేతిరుమాలులో చుట్టుకుని వెళ్లేసరికి, గోడ మీద ఆయన ఫొటోకు దండ ఉంది.

"అదే బెంగమ్మా మా ఇంటాయనకి," రుమాలులోని నన్ను చూసి అంది ఆయన భార్య పైడమ్మ. "ముప్పై ఏళ్లలో నా సేతిలో ఒక్కటే సెడిపోనాది, మేడమ్ గారి సదువు పాడు సేసినాను అనీవోడు."

"చెడింది ఆయన చేతిలో కాదమ్మా. ఆయన ముందే చెప్పారు. నేనే వినలేదు."

పైడమ్మ నన్ను వెలుతురుకు పెట్టి చూసింది. "ఆ మాట ఆయనకి సెప్పీవలసింది గదమ్మా," అని నన్ను తిరిగి ఇందుమతి చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఇందుమతి కాలేజీ ల్యాబులో, సొరుగులో ఉంటాను. చీటీ గీకేసింది, జిగురు మరక పోలేదు. ఏటా విద్యార్థులకు ఆరు పలకలూ చూపించి, నా దగ్గరకు వచ్చాక, "ఇది నా పొరపాటు," అంటుంది. అలవాటుగా నాలోకి చూస్తుంది. ముఖం కనపడదు.

తర్వాత ఫర్నేసు మూతి ముందు అరచెయ్యి చాచి నిలబడుతుంది. లోపల ఎంత వేడి ఉందో ఆ చేతికి తెలియదు. కాసేపు చూసి, మీటరు వైపు తిరుగుతుంది.