నిలబడే చోటు

పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న భర్త పక్కకు ఆమె వచ్చి నిలబడగానే, అతను అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడినుంచి ఆమె ముఖం తేటగా కనిపించింది: కనుబొమల మధ్య గీత, కింది పెదవి మీద ఎండిన పొర.

"మాట్లాడదామని వస్తే వెనక్కెళ్తారేం? కరుస్తాననా?"

"అబ్బే, ఊరికే..."

"మీ షూటింగుల్లో ఎవరెక్కడ నిలబడాలో నేల మీద టేపు అంటిస్తారటగా. నాకూ ఓ ముక్క అంటించి పొండి, అక్కడే పడుంటా." నవ్వబోయి మానేసింది. "సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లిపోతున్నా. ఆపే మాటేదైనా ఉంటే ఈలోగా వచ్చి చెప్పండి."

దగ్గరివన్నీ అతనికి మసకబారి చాలాకాలమైంది. సినిమా కెమెరా పక్కన నిలబడి, నటులు కదిలేకొద్దీ లెన్సు తిప్పుతూ ముఖాలు మసకబారకుండా చూడటమే అతని బతుకుతెరువు. కళ్లజోడు కనబడితే ఆ పని పోతుందని భయం. ఎన్నో ముద్దులను, ఎన్నో ఏడుపులను తేటగా నిలిపాడు. దృష్టి ఎప్పుడూ కొలవాల్సిన దూరం మీదే కనుక ఒక్కదాన్నీ నిజంగా చూడలేదు. తన చూపు సంగతి భార్యకైనా ఎందుకు చెప్పలేదో అతనికే అంతుపట్టలేదు.

ఆనాటి సన్నివేశంలో, మాటలు మానేసిన దంపతులు నుదుటికి నుదురు ఆనించుకోవాలి. అతను లెన్సునుంచి నటి కంటిదాకా కొలిచి, ఆమె పాదాల దగ్గర ఎర్ర టేపు అంటించాడు. తీరా నటి ఆ గుర్తు దాటి ముందుకు వచ్చేసింది. లెన్సు మీది దూరపు అంకెలు అతని కంటికి ఆనలేదు. పక్కనున్న మానిటరు తెర మీద ఆమె ముఖం మసకలో కరిగిపోయింది.

తిట్లకు సిద్ధపడ్డాడు.

"భలే చేశావు బాబాయ్!" అంది కెమెరా బాధ్యతలు చూసే యువతి. "మరీ దగ్గరికొచ్చిన మనిషి మసగ్గానేగా కనిపించేది! ఇదే ఉంచేద్దాం."

"అది... పొరపాటమ్మా."

"అబ్బో, వినయం ఒకటి!"

అందరూ నవ్వారు. తానూ నవ్వాలో వద్దో తెలియక అతను లెన్సు తుడిచాడు. మెచ్చుకున్నది తన తప్పునా? అయితే ఇన్నేళ్ల ఒప్పు మాటేమిటి? ఏదీ తేలలేదు. వెనక్కి జరిగింది నిన్ను చూడటానికేనని భార్యతో చెప్పాలని మాత్రం తోచింది. పని ముగియగానే పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు.

తలుపుకు తాళం. లోపల గిన్నెలు బోర్లించి ఉన్నాయి. కొక్కేనికి ఆమె సంచి లేదు. అద్దం ముందు నేల మీద, అతను ఇంట్లో ఉంచుకునే చుట్టలోంచే చింపిన ఎర్ర టేపు, అడ్డంగా ఒక ముక్క, నిలువుగా ఒక ముక్క. అది పొద్దున ఆమె నిలబడిన చోటో, అతన్ని నిలబడమన్న చోటో.

వంగి చూస్తే మసక. లేచి ఒక అడుగు వెనక్కి వేస్తే తేటగా కనిపించింది, ఒక కొస సరిగా అంటుకోక పైకి లేచిన ఎర్ర టేపు.