రెండో మార్పు దగ్గర

మెడ్లీ రిలే ఫైనల్లో మన జట్టు మూడోదిగా గోడ తాకగానే గ్యాలరీలో జనం లేచి కేకలు వేశారు. కొలను గట్టున నిలబడ్డ ధన్‌సింగ్ మాత్రం న్యాయనిర్ణేతల బల్ల వైపు చూశాడు. జరిగిన తప్పు అతనికి తెలుసు.

అతనిది గంగారం దగ్గరి తండా. వ్యవసాయ బావుల్లో ఈత నేర్చి, మిలిటరీలో చేరి, కప్ప ఈతలో పేరు తెచ్చుకున్నాడు. ఎనభైల మొదట్లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ పోటీలకు ఎంపికయ్యాడు. మెడ్లీ రిలేలో నలుగురు ఒకరి తర్వాత ఒకరు తలో రకం ఈత ఈదాలి. మొదట వెల్లకిల ఈత సుదర్శన్‌ది; జనగామ మనిషి, రైల్వే గుమాస్తా. రెండోది ధన్‌సింగ్‌ది. మూడోది, సీతాకోక ఈత, జట్టు మేనేజర్ అక్క కొడుకు నిరంజన్‌ది. చివరివాడు బొంబాయి నుంచి వచ్చాడు.

సుదర్శన్ ఐదో స్థానంలో వచ్చి గోడ తాకాడు. అక్కడినుంచి ధన్‌సింగ్ ఇద్దరిని దాటాడు. కప్ప ఈత నియమం ప్రకారం రెండు చేతులూ కలిపి చాచి గోడ అందుకోబోతుండగా, ఇంకా మూరెడు దూరం ఉండగానే, నిరంజన్ నీడ అతని తల మీదుగా వెళ్లిపోయింది. నీళ్లలో ఉన్నవాడు గోడ తాకకముందే పైవాడి కాళ్లు దూకే దిమ్మె వదిలితే జట్టు మొత్తానికీ పోటీ పోయినట్టే.

పోయింది. రెండో మార్పు దగ్గర తప్పు జరిగిందని మైకులో చెప్పి జట్టు పేరు కొట్టేశారు.

బట్టలు మార్చుకునే గదిలో మేనేజర్ మేనల్లుడిని ఒక్క మాట అనలేదు. పైవాళ్లకు పంపడానికి ఒక కాగితం రాసుకొచ్చాడు. ధన్‌సింగ్ ఒంటి చేత్తో గోడ తాకాడనీ, తప్పు అదేననీ అందులో ఉంది. తడి భుజం మీద చెయ్యి వేసి, జర్దా పాన్ వాసన ముఖాన కొట్టేలా వంగి, నీలాంటివాడు ఇంతదాకా రావడమే గొప్ప, ఎలాగూ నీ వయసైపోయింది, సంతకం పెట్టు అన్నాడు హిందీలో. ధన్‌సింగ్ సంతకం పెట్టలేదు. ఆ చెయ్యి తీసేశాడు.

మేనేజర్ నొచ్చుకోలేదు. సాక్షి ఉంటే చాలని కాగితం సుదర్శన్ ముందు పెట్టాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నానని, అన్యాయం చూస్తే ఊరుకోనని శిబిరంలో రోజూ చెప్పే సుదర్శన్. తమ మాట యాస విని మిగతావాళ్లు నవ్వితే ధన్‌సింగ్ పక్కన నిలబడి కొట్లాడిన సుదర్శన్. అతను తువ్వాలుతో వేళ్లు తుడుచుకుని, సిరా చెదరకుండా జాగ్రత్తగా సంతకం పెట్టాడు.

తిరుగు రైల్లో ఇద్దరివీ ఎదురెదురు సీట్లు. నాగపూర్ దాటాక సుదర్శన్ నోరు విప్పాడు.

"అన్నా, జర అర్థం చేస్కో. వచ్చే నెల జపాన్ పోయే జట్టుల నా పేరున్నది. సంతకం పెట్టకుంటే తీసేస్తుండె."

"నా రెండు చేతులు గోడకు ఆనినయా, లేదా?"

"ఆనినయి."

"నువ్వు చూసినవా?"

"చూసిన. గానీ..."

సుదర్శన్ మిఠాయి డబ్బా తెరిచి ముందుకు జరిపాడు. బయలుదేరేటప్పుడు మేనేజర్ ఇచ్చాడట. మూతకు నెయ్యి అంటుకుని ఉంది. సుదర్శన్ పెదవికీ అంటుకుని ఉంది. ధన్‌సింగ్ లేచి వెళ్లి, కాజీపేట వచ్చేదాకా రైలు పెట్టె తలుపు దగ్గరే కూర్చున్నాడు. జనగామకు బండి మారడానికి దిగుతూ సుదర్శన్ పోయివస్తానన్నాడు. ధన్‌సింగ్ తల తిప్పలేదు. తన తండాకు దగ్గరైన మానుకోట స్టేషన్‌లో ఒంటరిగా దిగాడు.

ఒంటి చేతి తప్పు ధన్‌సింగ్‌దేనని పత్రికల్లో వచ్చింది. పటాలంలో అందరూ అదే నమ్మారు. మళ్లీ అతన్ని ఏ జట్టుకూ పిలవలేదు. రెండేళ్లకు ఉద్యోగం ముగించుకుని తండాకు వచ్చి సేద్యంలో పడ్డాడు.

ఆ ఏడాదే, రెండేళ్ల కింద జపాన్ వెళ్లొచ్చిన సుదర్శన్‌కు జనగామలో సన్మానం పెట్టి, ధన్‌సింగ్‌నూ వేదిక మీద కూర్చోమని కార్డు పంపారు. పోకపోతే నలుగురూ ఏమనుకుంటారని భార్య ద్వాళి అడిగింది.

"అనుకోనియ్యి," అన్నాడు ధన్‌సింగ్. "వాని మొకం యాదికొస్తేనే నాకు బువ్వ లోపలికి పోదు. పక్కన కూసోని దండ ఎట్ల ఏయించుకోను?"