అరటినార ముడి

తిరుచానూరులో రాఘవమ్మ అవ్వకు నా అన్నవాళ్లు లేరు గానీ, ఓ కప్ప ఉంది. నీళ్లతొట్టి పక్కన, కుండపెంకు కింద దాని కాపురం. పేరు బొజ్జమ్మ. చూపు మందగించి పూలు కట్టడం మానేశాక అవ్వకు అదే లోకం. పిలిస్తే గెంతుకుంటూ వచ్చి ఆమె చేతిలోని పురుగులను గుటుక్కున మింగేది. నవ్వేవాళ్లు నవ్వారు. అవ్వ లెక్కచేస్తేనా!

యుద్ధం రోజులు. అసలే బియ్యానికి కటకట, పైగా ఆ యేడు వానలు మొహం చాటేశాయి. వీధి ఆడవాళ్లు కప్పకావడి కడదామన్నారు. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పితే, ప్రతి ఇల్లాలూ దానిమీద చెంబెడు నీళ్లు పోస్తుంది. అలా చేస్తే వాన పడుతుందని నమ్మకం. ఆ ఎండల్లో కప్ప ఎక్కడ దొరుకుతుంది? పక్కింటి మునిలక్ష్మి అవ్వను బతిమాలి బొజ్జమ్మను అడిగి తెచ్చుకుంది.

"బద్రం మే. నా బిడ్డను నాకు తెచ్చియ్యి" అంది అవ్వ.

మునిలక్ష్మి పూలు కట్టి అమ్ముకునే మనిషి. కప్ప జారిపోకుండా అరటినారతో బిగించి, తడిగుడ్డ చుట్టి, వేపరెమ్మలతో రోకలికి కట్టింది. సాయంత్రం గుడ్డ విప్పి, కప్పను తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది.

మర్నాటినుంచి కప్ప ఉబ్బసాగింది. మేత ముట్టదు, కదలదు. పొట్ట నీళ్లు నింపిన తోలుతిత్తిలా బిగుసుకుపోయింది.

"ఏమైందే మునీ దీనికి? నీ చేతికిచ్చినప్పుడు బాగుండె గదా!"

పదిమందిలో ఆ మాట పడేసరికి మునిలక్ష్మికి రోషం పొడుచుకొచ్చింది. "నన్నంటావేం అవ్వా? పొద్దస్తమానం పురుగులు కూరికూరి నువ్వే దాని కడుపు చెడగొట్టినావు!"

అవ్వ మొహం ఇంతైపోయింది. కప్పకు మేత మానేసింది, తానూ సరిగా తినలేదు. వాము నూరి పొట్టకు పట్టు వేసింది. ఏం లాభం? చివరికి కప్పను ఎత్తుకుని మునిలక్ష్మి గుమ్మం దగ్గరికే వచ్చింది.

"నీకు కండ్లుండాయి. రోంత సూడు మునీ."

మునిలక్ష్మి కప్పను వెల్లకిలా తిప్పింది. తొడలపైన చర్మం మడతలో ఏదో గీత. గోరుతో తడిమింది. అరటినార! తడిసింది ఎండి, బిగుసుకుని, కండలోకి దిగిపోయింది. ఒంటికీ రెంటికీ దారి లేకే ఆ ఉబ్బరం. ఆమెకు తల కొట్టేసినట్టయింది. చిన్నకత్తితో నార తెంపగానే కప్ప ఆమె అరచేతినిండా నీళ్లు వదిలింది. పొట్ట మెల్లగా దిగింది.

"తగ్గిందే! నీ చేయి సల్లగుండ!" అవ్వ కళ్లొత్తుకుంది. "ఇంగ దీన్ని నువ్వే సాక్కో తల్లీ. నా చేత్తో దానికేం పెట్టను."

నార మునిలక్ష్మి పిడికిట్లో ఉంది. పారేస్తే సరి, ఆనని కళ్లకు ఏం తెలుస్తుంది? ఛీ, అదీ ఒక బతుకేనా! నారను అవ్వ అరచేతిలో పెట్టింది.

"తిండి వల్ల కాదవ్వా. ఇది."

అవ్వ వేళ్లు నార వెంట జరిగి, ముడి దగ్గర ఆగిపోయాయి. ఆ వీధిలో ఇంకెవరికీ రాని ముడి అది. మునిలక్ష్మికి చిన్నప్పుడు అవ్వే చేయి పట్టి నేర్పింది.

"నేను నేర్పిందే గదా మే" అంది. "పూలకని నేర్పినా. పానముండేదానికి ఇంత బిగించగూడదని చెప్పకపోతినే. నాదే తప్పు."

"తిట్టవ్వా! ఒక్క తిట్టన్నా తిట్టు!" అంటూ మునిలక్ష్మి ఆమె కాళ్ల దగ్గర కూలబడి బావురుమంది.