కాళ్లకు నీళ్లు

మా అమ్మ మొగిలమ్మకు ఒక పట్టింపు ఉండేది. నాయిన మగ్గం మీంచి కొత్త జంపఖానా కోయగానే, మడత పెట్టకముందే, నా కాళ్లు కడిగి దాని నడుమ కాసేపు కూర్చోబెట్టేది. ఎవరింటికి పోతుందో తెలియని వస్తువు, ముందు మన పిల్ల కూర్చుంటే మంచిదనేది. ఆ తర్వాతే అది చేనేత సొసైటీకి పోయేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వానాకాలంలో అమ్మ పోయింది. నాకప్పుడు ఏడేళ్లు. కొత్తవాడలో మా సందంతా మగ్గాల చప్పుడే. మా ఇంట్లో మాత్రం రెండు నెలలు ఏ చప్పుడూ లేదు. బడి నుంచి వచ్చి అమ్మ రాట్నం పక్కన కూర్చునేదాన్ని. చక్రం ఒకసారి తిప్పి, అది ఆగేదాకా చూసి, మళ్లీ తిప్పేదాన్ని.

దసరా ముందర నాయిన మిగిలిన నూలుతో ఒక జంపఖానా నేశాడు. ఎర్ర చారలు, నీలం అంచు. ఇంట్లో ఇక నూలు లేదు. రెండు నెలలు సరుకు ఇవ్వలేదని సొసైటీలో నాయిన పేరు కొట్టేశారు. ప్రెసిడెంటు కిషన్ రావు చీటీ రాస్తే తప్ప నూలు రాదు. నూలు రాకపోతే తను భీవండి మిల్లులకు పోవాలని, నన్ను తొర్రూరులో మేనత్త దగ్గర వదలాలని పక్కింటి పూలమ్మతో నాయిన చెబుతుంటే విన్నాను.

ఆ ఆదివారం నాయిన ముందరి అర్రలో జంపఖానా పరిచి కుచ్చులు ముడేస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే నేను కాళ్లు కడుక్కొని, ఆరేదాకా గడప మీద కూర్చున్నాను.

అప్పుడే కిషన్ రావు సరుకు చూడటానికి వచ్చాడు. వెనక జీపు డ్రైవరు. సందంతా బురద. ఆయన చెప్పులతోనే జంపఖానా ఎక్కి నడుమ నిలబడి, మడమతో నేతను గీకి చూశాడు. నాయిన లేచి భుజం మీది తువ్వాల తీశాడు.

“ఏంరా నర్సిగా, రెండు నెల్లు పండుకున్నవా? నీ పెండ్లాన్ని చాయ్ పెట్టమను.”

అమ్మ పోయిన వారానికే నాయిన ఆయనింటికి పోయి ఆ సంగతి చెప్పి వచ్చాడు. నేనూ వెంట ఉన్నాను. ఆయన పళ్లు కుట్టుకుంటూ తలూపాడు. పాపం, మరిచిపోయాడనుకున్నాను. చెప్పులు విడవాలని కూడా ఆయనకు తెలియదేమో. మా ఇంట్లో అలాంటివి చెప్పేది అమ్మే. ఆయనింట్లో చెప్పేవాళ్లు లేరేమోనని జాలేసింది. చెంబు నిండా నీళ్లు ముంచి రెండు చేతులా పట్టుకుని పోయాను.

“కాళ్లు కడుక్కో తాతా.”

నాయిన ముఖం తెల్లబోయింది. కిషన్ రావు మాత్రం నవ్వాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషికి మర్యాద చేస్తున్నాననుకున్నాడు. గడప దగ్గరికొచ్చి, చెప్పులు విడవకుండానే ఒక్కో కాలూ బయటికి చాపాడు. నేను పోశాను. ఆయన వెనక్కి తిరిగి జంపఖానా అంచుకు తుడుచుకున్నాడు.

“పిల్లకు మర్యాద మంచిగ నేర్పింది నీ పెండ్లాం. ఏది, కనపడదు?”

“సచ్చిపోయింది అయ్యా. మీకు చెప్పిన.”

“ఆఁ, అవునవును.”

జేబులోంచి కలం తీశాడు. నాయినను వంగమని, వీపు మీద కాగితం పెట్టి చీటీ రాశాడు. బతుకమ్మకు చుట్టాలొస్తున్నారు, ఇది మా ఇంట్లోకి పనికొస్తుందన్నాడు. డ్రైవరు తడి అంచు లోపలికి మడిచి జంపఖానా ఎత్తుకుపోయాడు. నాయిన చేతిలో కట్టని కుచ్చుల దారాలు కొన్ని మిగిలాయి.

“మనం ఈడనే ఉంటమా నాయినా?”

“ఉంటం బిడ్డా. నూలు ఇస్తరు.”

“ఆ తాతకు ఇంట్ల ఎవరు లేరా?”

“మస్తుమంది ఉన్నరు.”

“మరి చెప్పులు ఇడువుమని చెప్పరా?”

నాయిన చీటీని ఇంకోసారి చూసి, అమ్మ బొట్టు డబ్బాలో పెట్టాడు. అర్రలో చుట్టూ బురద అడుగులున్నాయి. జంపఖానా పరిచిన మేర మాత్రం నేల శుభ్రంగా ఉంది. నేను మళ్లీ కాళ్లు కడుక్కొని వచ్చి, ఆ నేల నడుమ కూర్చున్నాను. నాయిన లెమ్మనలేదు. బురద అడుగులను ఒక్కొక్కటిగా తుడుచుకుంటూ నా దాకా వచ్చి, నన్ను కదపకుండా చుట్టూ తుడిచాడు.